ఆడపిల్లల ఆరోగ్యబోధకు సంఘ మందిరమున చోటు



గడచిన మాసమున మన సంఘ కార్యవర్గమునకు ఒక చిన్న విజ్ఞప్తి వచ్చినది. వ్రాసినవారు మన వర్లి చాళ్లలోనే పుట్టి పెరిగి, వైద్యవిద్య ముగించి, నేడు రోగులను చూచుచున్న ఇద్దరు యువతులు. మాసమునకు రెండు శనివారములు, సాయంకాలము 4 మొదలు 6 గంటల వరకు, సంఘ మందిరమును తమకు ఇచ్చినచో, 12 మొదలు 20 ఏండ్ల వయస్సు గల మన ఆడపిల్లలకును, వారి తల్లులకును, నాయనమ్మలకును శరీరధర్మములను, ఋతుక్రమమును, రక్తహీనతను, వివాహ వయస్సును గూర్చి తెలుగున బోధింతుమని వారు కోరిరి. తమకు పారితోషికము అక్కరలేదట. నలుబది కుర్చీలు, ఒక నల్లబల్ల, త్రాగునీరు, మూయుటకు వీలగు తలుపు ఉన్న చాలునట.

ఈ విజ్ఞప్తిపై గంటన్నరసేపు చర్చ జరిగినది. ఏకాభిప్రాయము కుదరలేదు. తుదకు రానున్న సర్వసభ్య సమావేశమునకు వాయిదా వేసితిమి. ఆ చర్చలో పాల్గొన్న 11 మందిమి పురుషులమే. ఆడపిల్లల దేహమును గూర్చి, ఒక్క స్త్రీయైనను లేనిచోట, మేము తీర్పు చెప్పబూనితిమి. ఈ వింత అప్పుడు నాకు తోచలేదు; ఇంటికి పోవు త్రోవలో తోచినది. అందుచేత సమావేశమునకు ముందే నా అభిప్రాయమును మీ ముందుంచుచున్నాను.

నేను బట్టల వర్తకుడను. నా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. వైద్యశాస్త్రమున నాకు ప్రవేశము లేదు. అయినను ఈ విషయమున మాట్లాడుటకు నాకు ఒక హక్కును, ఒక బాధ్యతయు గలవు. ఇద్దరు ఆడపిల్లల తండ్రినగుట నా హక్కు. ఒకప్పుడు నేను చేసిన తప్పు నా బాధ్యత.

కొన్ని యేండ్ల క్రిందట నేను సంఘ కార్యదర్శిగా నున్నప్పుడు ఇట్టి కోరికయే వచ్చినది. ఒక వైద్యురాలు స్వయముగా నా దుకాణమునకు వచ్చి అడిగిరి. "ఆ దినములలో మందిరము ఖాళీ లేదమ్మా" అని చెప్పి పంపివేసితిని. మందిరము ఖాళీగానే యుండెను. నేను అబద్ధమాడితిని. దేవుని పటములున్న చోట ముట్టు మాటలేమిటి యను సంకోచమే దానికి కారణము. ఆమె మరల రాలేదు.

తరువాత రెండేండ్లకు, పదియవ తరగతి చదువుచున్న నా చెల్లెలి కూతురు చాళ్ మెట్లపై స్పృహ తప్పి పడిపోయినది. నాయనమ్మ దిష్టి తీసినది. మరునాడు తాయెత్తు కట్టిరి. వారము తిరుగకముందే పిల్ల మరల పడిపోయినది. అప్పుడు ఒక ఆసుపత్రికి పోయితిమి. ఆ రద్దీలో వైద్యుడు, నేనును మా బావగారును ప్రక్కనే నిలిచియుండగా, నెలసరి సరిగా వచ్చుచున్నదా యని హిందీలో అడిగెను. పిల్ల తల వంచుకొని, అంతయు బాగున్నదని చెప్పినది. బలమునకు మందు వ్రాసి పంపిరి. ఇంటికి వచ్చి నేనడిగినను, "ఏం లేదు మామా, మంచిగనే ఉన్న" అనియే సమాధానము.

మూడవ మారు ఒక తెలుగు వైద్యురాలి వద్దకు తీసికొనిపోయితిమి. ఆమె మొట్టమొదట మగవారిని బయటకు పంపి తలుపు మూసిరి. "ఎన్ని దినాల సంది బిడ్డా?" అని మన మాటలలో అడిగిరట. పిల్ల ఏడ్చినది. ఏడాది కాలముగా నెలకు పది పండ్రెండు దినములు రక్తస్రావమగుచున్నదని అప్పుడు బయటపడినది. తల్లికి చెప్పినచో ఆ దినములన్నియు మూల కూర్చుండబెట్టుదురనియు, ట్యూషను మాన్పింతురనియు భయపడి దాచినది. రక్తపరీక్షలో హిమోగ్లోబిను 6.8 గ్రాములు వచ్చినది. స్త్రీకి 12 గ్రాములైన నుండవలెను. 8 కంటె తగ్గినచో తీవ్ర రక్తహీనత యందురు. పిల్లకు రక్తమెక్కింపవలసి వచ్చినది. దైవానుగ్రహమున నేడు ఆమె ఆరోగ్యముగా నున్నది, కళాశాలలో చదువుచున్నది. ఇది వ్రాయుటకు ఆమెయే నాకు అనుమతి నిచ్చినది.

ఏడాదిపాటు మా యింట ఎవ్వరికిని తెలియనిది, తలుపు మూసిన అయిదు నిమిషములలో ఒక వైద్యురాలికి తెలిసినది. నేను ఆనాడు మందిరము తాళము తీసియుండినచో, ఆ పిల్ల అందరితో పాటు వచ్చి కూర్చుండి, ఎన్ని దినములు స్రావమగుట సహజమో, ఎప్పుడు వైద్యులకు చూపవలెనో తెలిసికొనియుండెడిది. ఈ లెక్క నా ఖాతాలో నేటికిని తీరక నిలిచియున్నది.

ఇక కార్యవర్గమున వినవచ్చిన అభ్యంతరములను ఒక్కొక్కటిగా విచారింతము. అవి చెప్పినవారు దుర్బుద్ధితో చెప్పలేదు. నేనును ఒకప్పుడు అవియే పలికినవాడను.

ఇది మందిరము, ఇట్టి మాటలు తగవు అనుట

మన మందిరము అద్దె పుస్తకమును నేను తిరుగవేసితిని. వివాహములు, నామకరణములు, పూజలతో పాటు ఓణీల వేడుకలును అందు గలవు. పిల్ల పెద్దమనిషి యైనదని నాకా వద్ద ఆమె ఛాయాచిత్రముతో పెద్ద పటము కట్టుదుము. బాజాలు మ్రోగింతుము. రెండు వందల మందికి విందు చేయుదుము. వాడ వాడంతయు వచ్చి అక్షతలు చల్లును. ఆ వార్తను మైకున చాటుటకు లేని సిగ్గు, ఆ మార్పు ఎందుకు వచ్చునో, వచ్చిన పిమ్మట దేహమును ఎట్లు కాపాడుకొనవలెనో, తలుపు మూసి ఒక వైద్యురాలు చెప్పుటకు ఏల కలుగవలెను? పెద్దమనిషి యని పేరు పెట్టితిమి. పెద్దమనిషికి చెప్పవలసిన మాట ఒక్కటియు చెప్పకుంటిమి.

స్త్రీలకు స్త్రీ వైద్యులే చికిత్స చేయుట, బోధించుట ఈ నగరమునకు క్రొత్త కాదు. పెస్తన్‌జీ హోర్ముస్‌జీ కామా గారి దానముతో 1886లో తెరువబడిన కామా ఆసుపత్రి ఆ సంకల్పముతోనే వెలసినది. అందు సేవ చేయుటకు డాక్టరు ఎడిత్ పీచీ గారు 1883లోనే ఇంగ్లండు నుండి వచ్చిరి. 1907 నాటికి మన దేశమున వైద్యురాండ్రకు ప్రత్యేకముగా ఒక సంఘమే ఏర్పడినది.

చిన్ననాట తన అక్కగారికి కామా ఆసుపత్రిలో జరిగిన చికిత్సను చూచి తానును వైద్యురాలు కావలెనని నిశ్చయించుకొన్న ఒక బాలిక, జెరూషా జిరాద్, పెరిగి పెద్దదై 1928 మొదలు 1947 వరకు ఆ ఆసుపత్రికే అధిపతిగా నుండిరి. బొంబాయి నగరమున తల్లులు ప్రసవ సమయమున ఏల మరణించుచున్నారో విచారించి 1941లో ఒక నివేదిక ప్రకటించిరి. 1950లో భారత ప్రసూతి, స్త్రీవైద్య సంఘముల సమాఖ్యకు తొలి అధ్యక్షురాలైరి. ఒక బాలిక ఒక వైద్యురాలిని దగ్గరగా చూచుటవలన ఇంత జరిగినది. మన మందిరమున కూర్చుండబోవు నలుబదిమంది బాలికలలో ఎవ్వరు ఏమి కాగలరో మనమెట్లు చెప్పగలము?

పాఠశాలలు, ఆసుపత్రులు ఉన్నవిగదా యనుట

ఉన్నవి. వర్లి వారికి పరేలు ఆసుపత్రులును, కామాటిపురము వారికి నాయర్ ఆసుపత్రియు దగ్గరనే గలవు. ప్రభుత్వమును ఊరకుండలేదు. కౌమార వయస్సు వారి కొరకు 2014లో ఒక జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. పాఠశాలలలో వారమునకొక నీలిరంగు మాత్ర ఇచ్చు ఏర్పాటున్నది. అందు 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉండును. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలిన దేమి? 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనులు. అనగా మన వీధిలో పాఠశాలకు పోవు పదిమంది బాలికలలో ఆరుగురని లెక్క వేసికొనవచ్చును.

మాత్ర ఉన్నది, వ్యాధియు ఉన్నది. నడుమ లోపమెక్కడ? ఆ మాత్ర వేసికొన్న మరునాడు మలము నల్లబడును. కొందరికి కడుపులో త్రిప్పును. అది చూచి నాయనమ్మ భయపడి, వేడి చేయుచున్నది, మానుమనును. పాఠశాల ఉపాధ్యాయిని మరాఠీలోనో, ఆంగ్లములోనో చెప్పినది పిల్లకు తెలిసినను, దానిని ఇంటిలో నాయనమ్మకు తెలుగున విడమరచి చెప్పు మాటలు ఆ పిల్ల కడ లేవు. పురపాలక తెలుగు పాఠశాలలు తరిగిపోవుచున్న ఈ కాలమున మన పిల్లల చదువు ఒక భాషలోను, మన ఇండ్లలోని పెద్దరికము మరొక భాషలోను నడచుచున్నవి. పిల్ల ఏమి తినవలెను, ఎక్కడ కూర్చుండవలెను, ఎప్పుడు ఆసుపత్రికి పోవలెను అని నిర్ణయించునది పాఠ్యపుస్తకము కాదు. అత్తగారు, తల్లి, నాయనమ్మ. వారికి చెప్పగలిగినది తెలుగు వైద్యురాలు మాత్రమే. అందుకే ఆ యువతులు పిల్లలతో పాటు నాయనమ్మలను కూడ పిలిచిరి. వారి వివేకము నాకు ఇచ్చటనే కనబడినది.

ఈ మార్గమును తెలుగునాట డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ గారు ఎన్నడో చూపిరి. ఆమె, నాగపురమున చదివి మరాఠీ నేర్చిన కొమర్రాజు లక్ష్మణరావు పంతులు గారి కుమార్తె. విజయవాడలో వైద్యము చేయుచు, మహిళా సంఘముల శిక్షణ తరగతులలో స్త్రీలకు శరీరశాస్త్రమును, ఆరోగ్యసూత్రములను బోధించిరి. ప్రసూతి, శిశుపోషణములను గూర్చి తెలుగున గ్రంథము వ్రాసిరి. 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైరి. ఇంగ్లీషు చదివిన వైద్యురాలు తెలుగు తల్లులకు తెలుగుననే చెప్పవలెనని ఆమె గ్రహించిరి. 1964లో ఆమె గతించిరి. ఆ అవసరము గతింపలేదు.

పైన చెప్పిన మాత్రను గూర్చి మరొక సంగతి గలదు. దీనిని చదివి మన వారు గర్వింపవచ్చును, విచారింపను వచ్చును. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చిరి. ఇచ్చటి మిల్లులలో పనిచేయు గర్భవతులలో ప్రాణాంతకమగు ఒక విధమైన రక్తహీనత కనబడుచుండెను. పరేలు నందలి హాఫ్‌కిన్ సంస్థలో పనిచేయుచు, ఆ స్త్రీలు ఏమి తినుచున్నారో ఆమె విచారించిరి. వారి ఆహారమున ఏదియో ఒక పోషకము లోపించినదని గ్రహించి, ఈస్టు సారమును తినిపించి వారిని బాగుచేసిరి. 1931లో ఆ సంగతిని వైద్యపత్రికలో ప్రకటించిరి. ఆ పోషకమే తరువాత ఫోలిక్ ఆమ్లమని పేరొందినది. నేడు లోకమున ఏ దేశపు గర్భవతి ఆ మాత్ర వేసికొన్నను, దానికి మూలము బొంబాయి మిల్లు కూలి స్త్రీల రక్తమున దొరికినది. అదే మిల్లు వాడలలో వారి మునిమనుమరాండ్రు ఆ మాత్రను కిటికీలోనుండి పారవేయుచున్నారు. చెప్పువారు లేకపోవుటయే దీనికి కారణము.

మన ఇండ్లలోని అలవాట్లను కూడ కొంత చూడుడు. భోజనమైన వెంటనే చాయ త్రాగుట మనకు రివాజు. చాయ ఇనుమును ఒంటబట్టనీయదు. పప్పులో నిమ్మరసము పిండుకొన్నచో ఇనుము చక్కగా ఒంటబట్టును. తోటకూర, సజ్జలు, శనగలు, బెల్లము, మాంసము తినువారికి కార్జము — ఇవి మన తాతల ఊళ్లలో ఉన్నవియే. ఇచ్చటి బజారులోను దొరుకును. కాని మన ఇండ్లలో వడ్డన క్రమమేమి? మగవారు, మగపిల్లలు, అత్తగారు తిన్న పిమ్మట మిగిలినది తల్లియు ఆడపిల్లలును తినుట. కార్జపు ముక్క ఎవరి పళ్లెమున పడుచున్నదో ఈ ఆదివారము గమనింపుడు.

మరొక బాధ చాళ్‌లో పుట్టినవారికే తెలియును. 1920 దశకమున కట్టిన మన బి.డి.డి. చాళ్లలో గది 160 చదరపు అడుగులు. పాయిఖానా అంతస్తు కంతటికి ఉమ్మడి. రాత్రి అంత దూరము నడచిపోవుటకు భయపడి ఎందరో ఆడపిల్లలు సాయంకాలము నుండి నీరు త్రాగుట మానుదురు. అట్లు మూత్రమును బిగబట్టుటవలన మంటయు, జ్వరమును, మూత్రాశయ వ్యాధులును వచ్చును. అంత చిన్న గదిలో ఆ మూడు దినములు వేరుగా కూర్చుండబెట్టుట యనగా ఆడపిల్లను గడప వద్దకు నెట్టుటయే. 2025 ఆగస్టులో వర్లిలో మొదటి విడతగా 556 కుటుంబములకు 500 చదరపు అడుగుల క్రొత్త ఇండ్ల తాళపుచెవులు ఇచ్చిరి. ఇంటిలోనే స్నానపుగదియు, పాయిఖానాయు వచ్చినవి. సంతోషము. కాని మూల కూర్చుండబెట్టు ఆచారము కూడ మన సామానుతో పాటు లిఫ్టులో పైకి పోయినచో, క్రొత్త ఇల్లు కట్టిన ఫలమేమి?

ఆడపిల్లలు ఎదురు చెప్పుట నేర్తురనుట

ఈ మాట అన్నవారు వయోవృద్ధులు, నాకు పూజ్యులు. వారికి వినయముతో ఒక కథ విన్నవింతును. ఈ నగరముననే 1864లో వడ్రంగి కులమున రఖ్మాబాయి జన్మించిరి. ఆమెకు 11 ఏండ్లకే వివాహము చేసిరి. భర్త యింటికి పోనన్నందుకు 1884లో వ్యాజ్యము పడినది. భర్తతో కాపురము చేయుమని, లేనిచో చెరసాలకు పొమ్మని 1887లో ఉన్నత న్యాయస్థానము ఆజ్ఞాపింపగా, చెరసాలకే పోదునని ఆమె చెప్పిరి. దేశమంతయు కలకలము. మరు సంవత్సరము రాజీ కుదిరినది. ఆ పిమ్మట ఎడిత్ పీచీ మొదలగువారి తోడ్పాటుతో ఆమె ఇంగ్లండు పోయి వైద్యవిద్య నభ్యసించి, 1894లో పట్టము పొంది, తిరిగివచ్చి సూరతు, రాజకోటలలో స్త్రీల ఆసుపత్రులను ఏండ్ల తరబడి నడిపిరి. 1955లో ఈ నగరముననే కన్నుమూసిరి. ఆమె ఎదురు చెప్పకుండినచో, ఆ యేండ్లన్నిటను ఆమె చేతిలో పురుడు పోసికొన్న తల్లులకు దిక్కెవ్వరు? ఎదురు చెప్పుట యన్నది ఎల్లప్పుడు తప్పు కాదు. దేనికి ఎదురు చెప్పిరి అన్నదే ప్రశ్న.

మన పూర్వులు ఈ విషయమున మనకంటె ధైర్యవంతులు. కామాటిపురమున కంట్రాక్టు పనులు చేసి పేరు గడించిన రామయ్య వెంకయ్య అయ్యవారు మొదలగు తెలుగు పెద్దలు, 1873లో స్థాపింపబడిన జ్యోతిరావు ఫూలే గారి సత్యశోధక సమాజమునకు బొంబాయిలో అండగా నిలిచిరి. 1848లోనే పూనాలో ఆడపిల్లలకు బడి తెరచిన దంపతులు ఫూలే గారును సావిత్రీబాయి గారును. 1897లో ప్లేగు రోగులకు సేవ చేయుచు ఆ వ్యాధితోనే సావిత్రీబాయి గారు మరణించిరి. రాళ్లు మోసి, గోడలు కట్టి ఈ నగరమును నిర్మించిన మన తాతలు అట్టివారి ప్రక్కన నిలువగలిగిరి. వారి మునిమనుమలమైన మనము నలుబది కుర్చీలు వేయుటకు వెనుదీయుచున్నాము.

తెలివి గల ఆడపిల్లకు కలుగు ధైర్యమే ఆమెకు కవచము. 18 ఏండ్లు నిండక పూర్వము వివాహము చేయుట 2006 నాటి చట్టము ప్రకారము నేరమని తెలిసిన పిల్ల, "ఇప్పుడు వద్దు నాయనా" అని చెప్పగలదు. దేశమున 20 మొదలు 24 ఏండ్ల స్త్రీలలో నూటికి 23 మంది 18 ఏండ్లలోపే పెండ్లియైనవారని పై సర్వేయే చెప్పుచున్నది; ఊరి నుండి మంచి సంబంధము వచ్చినదని తొందరపడు ఇండ్లు మనలోను లేకపోలేదు. ఎవ్వరైనను తప్పుడు చేతితో తాకినచో అది తన దోషము కాదని, 1098 అను నంబరుకు ఫోను చేయవచ్చునని తెలిసిన పిల్ల నోరు మూసికొని కుమిలిపోదు. కామాటిపురమున ఉండు మన ఆడపిల్లలు తమ చిరునామా చెప్పుటకే సంకోచించుట మనకు తెలిసినదే. తల యెత్తి తన ఊరును, పేరును, బాధను చెప్పగల ధైర్యము వారికి అందరికంటె ఎక్కువ అవసరము. ఇంటింట బీడీలు చుట్టు తల్లుల ప్రక్కన పొగాకు ధూళిలో పెరుగు పిల్లలకు, దగ్గు ఎప్పుడు పరీక్ష చేయించుకొనవలసిన దగ్గు యగునో తెలియుటయు అంతే అవసరము.

ఖర్చు సంగతి

శనివారము అద్దె పోవునని కోశాధికారి గారు చెప్పిరి. నేను వర్తకుడను, లెక్క చెప్పకుండ ముందుకు పోను. పుస్తకము చూచితిని. శనివారము సాయంకాలము 4 మొదలు 6 వరకు మందిరము అద్దెకు పోవుట అరుదు, వేడుకలన్నియు రాత్రివే. కావున నష్టము స్వల్పము. అయినను నష్టమే యందురా, ఏటికొక ఓణీల వేడుకలో బాజాలకగు వ్యయముతో నలుబదిమంది బాలికలకు రక్తపరీక్ష చేయింపవచ్చును. మొదటి సంవత్సరపు పరీక్షల ఖర్చును నా దుకాణము భరించును. నా పేరు ఎక్కడను వ్రాయవలదు.

నా సూచనలు

మొదటిది. తరగతి జరుగు రెండు గంటలును మందిరమున పురుషుడెవ్వడును ఉండరాదు. అధ్యక్షుడైనను, కార్యదర్శియైనను, నేనైనను. తాళపుచెవి ఆ వైద్యురాండ్ర చేతికే ఇయ్యవలెను.

రెండవది. మొదటి రెండు తరగతులును తల్లులకును నాయనమ్మలకును జరుగవలెను. వారు ఒప్పుకొన్న పిమ్మట పిల్లలను పంపుటకు అడ్డముండదు.

మూడవది. ఆరు మాసములకొకమారు హిమోగ్లోబిను పరీక్ష జరుపవలెను. ఫలితము పిల్లకును, ఆమె తల్లికిని మాత్రమే తెలియవలెను. ఈ పత్రికలో ఎవ్వరి పేరును, ఏ ఇంటి సంగతియు రాకూడదు.

నాలుగవది. గర్భాశయ ముఖమున వచ్చు క్యాన్సరును నివారించు టీకాను 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు వేయింపుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. దానిని గూర్చి ప్రత్యేకముగా ఒక సాయంకాలము తల్లిదండ్రులకు, అందు తండ్రులకు కూడ, చెప్పింపవలెను.

అయిదవది. వర్లిలో తరగతి నిలద్రొక్కుకొన్న పిమ్మట కామాటిపురమునను అట్టిదే ప్రారంభింపవలెను.

ఆరవది. ప్రారంభోత్సవము వలదు. శాలువలు, పూలమాలలు, నాయకుల ఉపన్యాసములు వలదు. మాకు ఉపన్యాసమిచ్చుట యన్న ప్రీతి ఎక్కువ. ఆ రెండు గంటలలో గంటన్నర మేమే తినివేయుదుము.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది. రానున్న సర్వసభ్య సమావేశమునకు ఇంటింటి నుండి ఒక్క స్త్రీయైనను రావలెను. సంఘ నియమావళిలో స్త్రీలు సభ్యులు కారాదని ఎక్కడను లేదు, మనమే పిలువలేదు. ఈ తీర్మానముపై వారే ముందుగా మాట్లాడవలెను. వారి మాట విన్న పిమ్మట మనము చేయి యెత్తుదము.

ఆనాడు నా దుకాణమునకు వచ్చి వట్టి చేతులతో తిరిగిపోయిన ఆ వైద్యురాలు ఇది చదువుదురో లేదో. చదివినచో నా క్షమాపణలు. ఆమె అడిగిన చోటును ఇప్పుడు మన యింటి పిల్లలే వచ్చి అడుగుచున్నారు. సోదర సోదరీమణులారా, వారికి లేదనకుడు. ఆ శనివారములలో మందిరము ఖాళీగానే యున్నది. ఈ మారు నిజమే చెప్పుచున్నాను.

— ఒక వర్తకుడు, వర్లి